సర్టిఫికెట్ గోడ మీద, పసిబిడ్డ ఆయా చేతిలో

బెంగళూరులో డేకేర్ వెతుక్కునే తల్లిదండ్రులు దాదాపు అందరూ అవే ప్రశ్నలు అడుగుతారు. కెమెరా ఫోన్‌లో కనిపిస్తుందా, వంట అక్కడే చేస్తారా, సాయంత్రం ఏడు దాకా ఉంచుకుంటారా, పాటీ ట్రైనింగ్ ఇస్తారా. ఈమధ్య కొందరు ‘స్టాఫ్‌కి ఫస్ట్ ఎయిడ్ వచ్చా’ అని కూడా అడుగుతున్నారు. ఓనర్ మేడమ్ గోడ మీది ఫ్రేము చూపిస్తారు. చూసినవాళ్లు తృప్తిపడి అడ్వాన్స్ కట్టేస్తారు. ఆ ఫ్రేములో ఉన్న పేరు ఎవరిదో, మధ్యాహ్నం పన్నెండున్నరకు పిల్లాడికి అన్నం తినిపించే మనిషీ ఆ పేరు గల మనిషీ ఒకరేనా అన్నది మాత్రం ఎవరూ అడగరు.

సాధారణంగా ఒకరు కారు. ట్రైనింగ్‌కి వెళ్లేది సెంటర్ హెడ్, మహా అయితే ఇద్దరు టీచర్లు. తినిపించేది, పడుకోబెట్టేది, డైపర్ మార్చేది, బాత్రూమ్‌కి తీసుకెళ్లేది ఆయా. మదనపల్లె నుంచో హిందూపురం నుంచో కుప్పం నుంచో వచ్చి, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ వెనక సందుల్లోనో బొమ్మనహళ్లిలోనో అద్దెకుంటూ, ‘ఆంటీ’ అని పిలిపించుకునే మనిషి. పిల్లలకు ప్రమాదం జరిగే నాలుగు చోట్లా, అంటే తిండి, నిద్ర, నీళ్లు, మెట్లు, వీటన్నిటి దగ్గరా ఉండేది ఆవిడే. శిక్షణ ఆవిడ దాకా రాకపోతే వచ్చినట్టే కాదని నా వాదన. ఆవిడకు అర్థమయ్యే భాషలో, పసిబిడ్డ సైజు బొమ్మ మీద, ఆవిడ చేతులతో చేయించి, మరిచిపోయేలోపు మళ్లీ మళ్లీ చేయించకపోతే ఆ ఫ్రేముకయ్యే మేకు ఖర్చు కూడా దండగే.

ఇక్కడి డేకేర్లు కొనుక్కునే శిక్షణలో ఎక్కువ భాగం ఐటీ కంపెనీలకు అమ్మే సరుకే. సగం పూట, ఇంగ్లీషు స్లైడ్లు, ఒక పెద్దమనిషి మొండెం బొమ్మ, చివర్లో మంటలార్పే సిలిండర్ ప్రదర్శన, గ్రూప్ ఫోటో. ఆఫీసులో నలభై ఐదేళ్ల మనిషి గుండె ఆగి కుప్పకూలితే ఆ పాఠం బాగానే పనికొస్తుంది. పెద్దవాళ్లలో గుండె హఠాత్తుగా ఆగినప్పుడు రక్తంలో కొన్ని నిమిషాలకు సరిపడా ఆక్సిజన్ ఇంకా ఉంటుంది, కాబట్టి ఊపిరి ఊదకుండా ఛాతీ నొక్కుతూ ఉన్నా మేలే. పసిపిల్లల్లో వరస తలకిందులు. వాళ్ల గుండె మొదట ఆగదు. గొంతులో అడ్డం పడో, నీళ్లలో మునిగో, నిమ్ము ముదిరో ముందు ఊపిరి ఆగుతుంది, ఒంట్లో ఆక్సిజన్ అయిపోయాక గుండె ఆగుతుంది. అప్పుడు ఒట్టి నొక్కుడుతో తిప్పేది ఆక్సిజన్ లేని రక్తాన్నే. అందుకే పిల్లలకు ఊపిరి ఊదడం తప్పదు. ‘నోటితో ఊదక్కర్లేదు, నొక్కితే చాలు’ అని పెద్దల పాఠం నేర్చుకొచ్చిన టీచరు, నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేసినా పసిబిడ్డ విషయంలో సగం వైద్యమే చేసినట్టు.

ఏడాదిలోపు బిడ్డకు సీపీఆర్, అంటే ఛాతీ నొక్కుతూ ఊపిరి ఊదడం, ఎలా చేయాలో కాస్త నిదానంగా చెప్పుకుందాం. పెద్దల పాఠంతో తేడా ఎక్కడెక్కడ వస్తుందో అప్పుడే తెలుస్తుంది.

అరికాలు తట్టి, పేరు పెట్టి పిలిచినా కదలిక లేదు. ఛాతీ ఎగసిపడుతోందా అని పది సెకన్లకు మించకుండా చూడాలి. ఎక్కిళ్లలా ఎప్పుడో ఒకసారి నోరు తెరిచి గాలి మింగితే అది ఊపిరి కాదు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి 108 కొట్టి పక్కన పడేయాలి. బిడ్డను గట్టి చోట వెల్లకిలా పెట్టాలి. పరుపు మీద నొక్కితే పరుపే దిగుతుంది, ఛాతీ దిగదు. పసిపిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది. వెల్లకిలా పెట్టగానే తల బరువుకు గడ్డం ఛాతీకి ఆనుకుని గొంతు మడత పడుతుంది. దాన్ని సరిచేయబోయి పెద్దవాళ్లకు వంచినట్టు తలను బాగా వెనక్కి వంచినా మెత్తటి శ్వాసనాళం మూసుకుపోయే ప్రమాదమే. ముక్కు నేరుగా కప్పును చూసేంత చాలు. భుజాల కింద చేతిరుమాలు మడిచి పెడితే ఆ కోణం దానంతటదే కుదురుతుంది.

మన నోరు బిడ్డ నోటినీ ముక్కునీ కలిపి కప్పాలి. ఊదాల్సింది బుగ్గల్లో పట్టేంత గాలి, ఒక్క సెకను, ఛాతీ కొంచెం లేచేదాకా. రొమ్ము నిండా పీల్చి ఊదితే గాలి పొట్టలోకి పోయి వాంతవుతుంది. నొక్కాల్సిన చోటు రెండు చనుమొనలనూ కలిపే గీతకు కాస్త కింద, ఎముక మీద. లోతు ఛాతీ మందంలో మూడో వంతు, అంటే ఏడాదిలోపు పిల్లలకు సుమారు 4 సెంటీమీటర్లు, పెద్ద పిల్లలకు 5. ముప్ఫై నొక్కులకు రెండు ఊపిర్లు, వేగం నిమిషానికి 100 నుంచి 120. రెండు వేళ్లతో నొక్కడం చాలాకాలం నేర్పారు, ఇప్పటికీ చాలా పోస్టర్లలో అదే బొమ్మ. వేళ్లు త్వరగా అలిసిపోతాయి, లోతు రాదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2025 మార్గదర్శకాల్లో రెండు వేళ్ల పద్ధతిని తీసేసి, ఛాతీని రెండు చేతులతో చుట్టి బొటనవేళ్లతో నొక్కడమో, ఒక అరచేతి మొదలుతో నొక్కడమో చేయమంది. మీ డేకేర్ గోడ మీద రెండు వేళ్ల బొమ్మే ఉంటే, ఆ పోస్టర్‌తో పాటు శిక్షణ కూడా పాతబడిందని లెక్క.

లెక్కపెట్టడంలో ఒక చిన్న కిటుకుంది. తెలుగులో ఒకటి నుంచి ముప్ఫై దాకా గట్టిగా లెక్కపెడుతూ నొక్కించి చూడండి. ‘ఇరవై నాలుగు’, ‘ఇరవై ఎనిమిది’ దగ్గరకొచ్చేసరికి నాలుక వెనకబడి చేతులు కూడా నెమ్మదిస్తాయి. ఒకటి నుంచి పది, మూడుసార్లు. వేగం చెడదు. ముప్ఫై నొక్కులు పదిహేను నుంచి పద్దెనిమిది సెకన్లలో అయిపోవాలి. ఇంగ్లీషులో పాఠం చెప్పి వెళ్లిపోయే ట్రైనర్‌కు ఇలాంటివి తట్టవు.

ఇక గొంతులో అడ్డం పడడం. డేకేర్ శిక్షణకు ఒక్క గంటే దొరికిందనుకుంటే, ఆ గంటంతా దీనికే ఇచ్చేయమంటాను.

పొలమారిన పిల్లాడు దగ్గుతూ, ఏడుస్తూ, చప్పుడు చేస్తూ ఉంటే గాలి ఆడుతున్నట్టే. మాడు మీద తట్టడం, నీళ్లు పట్టడం, నోట్లో వేలు పెట్టి వెతకడం, ఇవన్నీ అప్పుడు కీడే చేస్తాయి. ముందుకు వంగనిచ్చి దగ్గమనాలి, కళ్లు మాత్రం తిప్పకూడదు. భయపడాల్సింది చప్పుడు ఆగినప్పుడు. నోరు తెరుచుకుని ఉంది, ఏడుపు ముఖమే కానీ గొంతు రావడం లేదు, పెదాలు నీలమవుతున్నాయి. పదిమంది పిల్లలు అరుస్తున్న గదిలో చప్పుడు లేని పిల్లాడే ఎవరి కంటా పడడు. తినేటప్పుడు ఆయా పిల్లల ముఖాలు కనిపించేలా ఎదురుగా కూర్చోవాలనడం అందుకే. వెనక నుంచి ప్లేట్లు సర్దుతూ తిరిగితే చాలదు.

ఏడాదిలోపు బిడ్డయితే ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, ఆ చేతిని తొడకు ఆనించి, తల ఛాతీకన్నా కిందికి ఉండేలా పట్టుకోవాలి. వేళ్లు దవడ ఎముకను పట్టుకోవాలి, కింద మెత్తగా ఉండే గొంతును కాదు. బొమ్మ మీద చేయించేటప్పుడు చాలామంది గొంతే పట్టుకుంటారు, సరిదిద్దాల్సిన మొదటి తప్పు ఇదే. అరచేతి మొదలుతో రెక్క ఎముకల మధ్య ఐదు దెబ్బలు. నిద్రపుచ్చేటప్పుడు వేసే జోకొట్లు కావవి. ఒక్కొక్కటీ అడ్డాన్ని బయటికి నెట్టాలనే ఉద్దేశంతో గట్టిగా పడాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి, తల కిందికే ఉంచి, సీపీఆర్ నొక్కే చోటే ఛాతీ మీద ఐదు నొక్కులు. మళ్లీ వీపు, మళ్లీ ఛాతీ. పసిబిడ్డ పొట్ట మాత్రం నొక్కకూడదు, కాలేయం చితికిపోవచ్చు. ఏడాది దాటినవాళ్లకు ముందుకు వంచి వీపు మీద ఐదు, తర్వాత వాళ్ల వెనక మోకాళ్ల మీద కూర్చుని బొడ్డుకూ రొమ్ము ఎముక చివరకూ మధ్య పిడికిలి పెట్టి లోపలికీ పైకీ ఐదు గుంజులు. బ్రిటన్, యూరప్ పద్ధతిలో ఈ వరస ఎప్పటినుంచో ఉంది. అమెరికన్ పద్ధతి మాత్రం పిల్లలకు పొట్ట గుంజులే చెబుతూ వచ్చి, 2025లో వీపు దెబ్బలను ముందుకు తెచ్చింది. అంతకుముందు శిక్షణ తీసుకున్న టీచర్‌కూ నిన్న నేర్చుకున్న ఆయాకూ అక్కడికక్కడే వాదన రాకూడదు కాబట్టి, సెంటర్ మొత్తానికి ఒకే పద్ధతి ఉండాలి.

స్పృహ తప్పితే ఇక దెబ్బలు లేవు, నేరుగా సీపీఆర్. ఊదే ముందు ప్రతిసారీ నోట్లోకి చూడాలి, కనిపిస్తే తీయాలి. కనిపించనిదాని కోసం వేలు పెట్టి కెలికితే ఇంకా లోపలికి దిగుతుంది. పిల్లాణ్ని కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఊపడం మన ఇళ్లలో ఇంకా ఉంది. దెబ్బకు బలం రాదు, చేయి జారితే తల పగులుతుంది.

అడ్డం బయటికొచ్చి పిల్లాడు నవ్వుతున్నా పని అయిపోలేదు. పొట్ట గుంజులు వేసినవాణ్ని లోపలి దెబ్బల కోసం డాక్టర్‌కు చూపించి తీరాలి. ఇంకో రకం మరీ మోసం చేస్తుంది. మన పిల్లల ఊపిరితిత్తుల్లో ఎక్కువగా దొరికేది పల్లీ. అది తరచు గొంతును పూర్తిగా మూయదు. గట్టిగా ఓ దగ్గుతెర వస్తుంది, గింజ ఊపిరితిత్తుల గొట్టంలోకి జారుతుంది, దగ్గు ఆగిపోతుంది. అందరూ హమ్మయ్య అనుకుంటారు. కొన్నాళ్లకు ఒక పక్కే పిల్లికూతలు, జ్వరం, నిమ్ము. పల్లీ తింటూ దగ్గుతెర వచ్చిందని సాయంత్రం తల్లికి ఒక్క మాట చెప్పి ఉంటే డాక్టర్‌కు బ్రాంకోస్కోపీ (సన్న గొట్టంతో ఊపిరితిత్తుల్లోకి చూడడం) ఆలోచన మొదటి రోజే వచ్చేది. కాబట్టి డైరీలో రాయడం కూడా ఫస్ట్ ఎయిడే.

అసలు సగం పని వంటింట్లోనే అయిపోవాలి. ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. అడ్డంగా కోస్తే గుండ్రటి బిళ్ల శ్వాసనాళానికి అతికినట్టు సరిపోతుంది. పచ్చి క్యారెట్, ఆపిల్ తురమాలి, లేదా ఉడికించాలి. పల్లీలు, శనగలు, పాప్‌కార్న్, కొబ్బరి ముక్కలు ఐదేళ్ల లోపు పిల్లల ప్లేట్లోకి రాకూడదు. పులిహోరలో పల్లీ, ఉప్మాలో జీడిపప్పు, తాలింపులో శనగపప్పు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పండగల్లో పంపే జంతికలు, సీతాఫలం గింజలు, రేగుపళ్లు కూడా ఆ జాబితాలోవే. పుట్టినరోజని తల్లిదండ్రులు పంపే గిఫ్ట్ ప్యాకెట్లో జెల్లీ కప్పులూ గుండ్రటి చాక్లెట్లూ ఉంటే మొహమాటం లేకుండా వెనక్కి పంపేయాలి.

నాణెం ఆకారంలో ఉండే లిథియం బ్యాటరీ ఇదే కోవలోదే కానీ ఇంకా చెడ్డది. 20 మిల్లీమీటర్ల సీఆర్ 2032 రకం బ్యాటరీ పిల్లాడి అన్నవాహికలో ఇరుక్కుంటే, అక్కడి తడితో కరెంటు ప్రవహించి క్షారం పుడుతుంది, రెండు గంటల్లోనే గోడను కాల్చడం మొదలుపెడుతుంది. బ్యాటరీ పాతదైనా అంతే. కారు తాళం, చిన్న రిమోట్, దీపావళికి పెట్టే ఎల్‌ఈడీ దీపాలు, పాటలు పాడే గ్రీటింగ్ కార్డు, కొన్ని థర్మామీటర్లు, అన్నిట్లో ఇలాంటివే. మింగాడని అనుమానం వచ్చినా చాలు, ఎక్స్‌రే, ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి వెంటనే. వాంతి చేయించకూడదు. ఏడాది దాటి, మింగగలిగే పిల్లలకు దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె, ఆరుసార్ల దాకా, పట్టమని అమెరికా పాయిజన్ సెంటర్ల సలహా. తేనె కోసం షాపుకు పరుగెత్తి ఆలస్యం చేయడం మాత్రం వద్దు. ఏడాదిలోపు పిల్లలకు తేనె అసలే వద్దు.

కాలిన గాయాల దగ్గర బెంగళూరుకు సొంత సమస్య ఒకటుంది. నేర్పాల్సింది తేలికే: కుళాయి కింద ఇరవై నిమిషాలు మామూలు చల్లటి నీళ్లు, మొదటి మూడు గంటల్లో ఎప్పుడు మొదలుపెట్టినా ప్రయోజనమే. ఐసు, టూత్‌పేస్ట్, ఇడ్లీ పిండి, పసుపు, సిరా ఏవీ వద్దు. అయితే నిమిషానికి నాలుగు లీటర్ల చొప్పున ఇరవై నిమిషాలంటే ఎనభై లీటర్లు. 2024 మార్చిలో నీళ్లకు కటకటలాడి, వాణిజ్య సంస్థల కుళాయిలకు నీటి ధార తగ్గించే ఏరేటర్లు తప్పనిసరని జలమండలి ఆదేశించిన ఊరిది. ట్యాంకర్ రాని రోజున కుళాయి తిప్పితే గాలి వస్తుంది. కాబట్టి డేకేర్లో మూత బిగించి, పిల్లలకు అందని ఎత్తులో రెండు బకెట్ల మంచినీళ్లు, ఒక మగ్గు ఎప్పుడూ ఉండాలి. నీళ్లు తక్కువైతే తడిగుడ్డలు వేసి రెండేసి నిమిషాలకు మారుస్తుండాలి. చల్లార్చాల్సింది గాయాన్నే, బిడ్డను కాదు. మిగతా ఒళ్లు దుప్పటిలో చుట్టకపోతే పసిపిల్లలు చలికి వణికిపోతారు.

వేడి సాంబారు ఒలికితే బట్టలు వెంటనే తీయాలి, చర్మానికి అతుక్కుపోయినదాన్ని మాత్రం లాగకూడదు. డైపర్ తీయడం చాలామందికి తట్టదు. అది వేడినీళ్లను పీల్చుకుని ఒంటికి అదిమి పెడుతుంది. మొలతాడు, కడియాలు, గాజులు, మెడలో నల్లపూసలు వాపు రాకముందే తీసేయాలి. తర్వాత వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ రేపర్ ముక్క గాయం మీద పరవాలి, చుట్టకూడదు. పసిబిడ్డకు ఎంత చిన్న గాయమైనా ఆసుపత్రే. విక్టోరియా ఆసుపత్రిలోని కాలిన గాయాల విభాగం, పిల్లలకు వాణీ విలాస్, ఇందిరాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చైల్డ్ హెల్త్ ఊళ్లో అందరికీ తెలిసినవే. దగ్గర్లో ఇరవై నాలుగు గంటలూ పిల్లల డాక్టర్ ఉండే ఎమర్జెన్సీ ఏదో కనుక్కుని పెట్టుకోవడం ఇంకా ముఖ్యం.

ఫిట్స్ వస్తే చేయాల్సినవి తక్కువ, మానాల్సినవి ఎక్కువ. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో, నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి, జ్వరంతో ఫిట్స్ వస్తాయి. చూడడానికి భయంకరమే కానీ చాలావరకు ఐదు నిమిషాల్లోపు ఆగిపోతాయి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ, పళ్ల మధ్య చెంచా, నోట్లో నీళ్లు, ఇవన్నీ మనకు అలవాటైన పనులే. చెంచాతో పళ్లు విరుగుతాయి, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చుట్టూ ఉన్నవి జరిపి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే, రెండోసారి వస్తే, ఊపిరి సరిగా లేకపోతే 108. మొదటిసారి వచ్చినవాళ్లను ఆగిపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఫిట్స్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రే ఏ పిల్లాడికైనా డాక్టర్ రాసిచ్చి ఉంటే, ఎన్ని స్ప్రేలు, ఎప్పుడు అనేది పిల్లాడి ఫోటోతో సహా చీటీ మీద ఉండాలి. గుక్కపట్టి ఏడ్చి నీలబడే పిల్లలు వేరే. బొమ్మ లాక్కున్నారనో దెబ్బ తగిలిందనో ఏడుపు మొదలై, ఊపిరి బిగబట్టి, ఒక్కోసారి తోటకూర కాడలా వాలిపోతారు. నేల మీద పడుకోబెట్టి నిమిషం ఆగితే ఊపిరి దానంతటదే వస్తుంది. తేడా పట్టుకోవాలంటే ముందు ఏం జరిగిందో చూసిన మనిషి కావాలి, అంటే మళ్లీ ఆయానే.

సంపుల సంగతి ఏ శిక్షణ పుస్తకంలోనూ కనిపించదు. ఈ ఊళ్లో డేకేర్లు చాలావరకు అద్దెకు తీసుకున్న ఇండిపెండెంట్ ఇళ్లలో నడుస్తాయి, ప్రతి ఇంటి ముందూ భూమిలో సంపు. ట్యాంకర్ వాడు పైపు వేయడానికి మూత తీస్తాడు, పని అయ్యాక సరిగ్గా వేశాడో లేదో చూసేవాళ్లుండరు. ట్యాంకర్ వచ్చినంతసేపూ ఒక మనిషి ఆ మూత దగ్గరే నిలబడాలి, తర్వాత తాళం వేయాలి. బాత్రూమ్‌లో సగం నిండిన బకెట్ కూడా నడక నేర్చుకునే పిల్లకు సంపు లాంటిదే. నీళ్లలోంచి తీసిన బిడ్డను తల మీద పెట్టుకుని తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం టైము దండగ. ఊపిరి లేకపోతే ముందు ఊదడమే.

కుక్క కరిస్తే సబ్బుతో కుళాయి కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకాకి. ముక్కులోంచి రక్తం వస్తే తల వెనక్కి కాదు ముందుకు, పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టడం. ఫినాయిల్, దోమల మందు రీఫిల్ తాగితే ఉప్పునీళ్లు పట్టి వాంతి చేయించకూడదు. సీసాతో సహా ఆసుపత్రికి, దారిలో ఎయిమ్స్ విషసమాచార కేంద్రం 1800 116 117కి ఫోన్. ఇవి పది నిమిషాల్లో చెప్పేయొచ్చు.

జ్వరం మందు మాత్రం పది నిమిషాల్లో అయ్యేది కాదు. పారాసిటమాల్ డ్రాప్స్‌లో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుంటాయి. సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 120 లేదా 125, ఇంకో సీసాలో 250. ఎనిమిది కిలోల బిడ్డకు కిలోకు 15 చొప్పున 120 మిల్లీగ్రాములు. ఒక సిరప్‌తో సుమారు చెంచాడు. అదే చెంచాడు డ్రాప్స్ పోస్తే 500 మిల్లీగ్రాములు, నాలుగింతలు. రెండు సీసాలూ గులాబి రంగులోనే ఉండొచ్చు, తల్లి ఫోన్లో ‘ఒక చెంచా వేయండి’ అంటుంది. కాబట్టి ఫోన్ మీద చెబితే మందు వేయకూడదు. పిల్లాడి సీసా, పిల్లాడి పేరు, ఎన్ని మిల్లీలీటర్లు, కిందటిసారి ఎప్పుడు వేశారు, ఇవన్నీ రాసిచ్చి సంతకం పెట్టాకే వేయాలి.

ఇదంతా ఎలా నేర్పాలి? ఒక్కరోజు ఎనిమిది గంటలు కూర్చోబెట్టి కాదు. చేతిపని నైపుణ్యం మూడు నుంచి ఆరు నెలల్లో సడలిపోతుంది, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సర్టిఫికెట్ కార్డు మీద మాత్రం గడువు రెండేళ్లు. మొదట ఒక రోజు గట్టిగా చేయించి, తర్వాత నెలకోసారి పిల్లలు పడుకున్నాక పదిహేను నిమిషాలు. ఒక నెల వీపు దెబ్బలు, ఒక నెల సీపీఆర్, ఒక నెల సాంబారు ఒలికిన నాటకం. ముగ్గురికి ఒక పసిబొమ్మ ఉండాలి, లేకపోతే చూసేవాళ్లే తప్ప చేసేవాళ్లుండరు. రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ ఆంబులెన్స్, పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ ద్వారా శిక్షకులు దొరుకుతారు. బేరమాడాల్సింది రేటు గురించి కాదు. పాఠం తెలుగులోనో కన్నడలోనో చెబుతారా, పసిబొమ్మలు ఎన్ని తెస్తారు, రాతపరీక్ష లేకుండా చేత చేయించి పాస్ చేస్తారా అని అడగాలి. సంతకం తప్ప రాయడం రాని ఆయా రాతపరీక్ష భయానికి ఆ రోజు సెలవు పెట్టేస్తుంది.

ఫోన్ చేయడం కూడా రిహార్సల్ వేయాల్సిందే. 108లో ఎత్తేవాళ్లు కన్నడంలో అడుగుతారు. గోడ మీద తెలుగు లిపిలోనే ‘మగు ఉసిరాడ్తా ఇల్ల’ (బిడ్డ ఊపిరి తీసుకోవడం లేదు) అని, కింద అడ్రస్, మెయిన్, క్రాస్, ఎదురుగా ఏ గుడి ఏ బేకరీ ఉందో రాసి పెట్టాలి. బిడ్డ దగ్గర ఒకరు, ఫోన్ దగ్గర ఒకరు, మిగతా పిల్లలను వేరే గదిలోకి తీసుకెళ్లడానికి ఒకరు, గేటు దగ్గర ఒకరు. అపార్ట్‌మెంట్ అయితే సెక్యూరిటీ అన్నకు ముందే చెప్పి ఉంచాలి, లేకపోతే ఆంబులెన్స్‌ను కూడా రిజిస్టర్‌లో సంతకం చేయమంటాడు. ఆక్సిజన్ అందకపోతే మెదడు నాలుగైదు నిమిషాల్లో దెబ్బతినడం మొదలవుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ సంగతి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పక్కనే పెద్దాసుపత్రితో ‘టైఅప్’ ఉందనే ఓనర్లు ఈ రెండు విషయాలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఓనర్ల అసలు అభ్యంతరం వేరే. ‘మూణ్ణెల్లకో ఆయా మారిపోతుంది, ఎంతమందికని నేర్పించను’ అంటారు. నిజమే, మారిపోతారు. పక్క వీధిలో నెలకు వెయ్యి ఎక్కువిస్తే వెళ్లిపోతారు. సర్టిఫికెట్ ఉన్న ఆయాకు ఆ వెయ్యి మీరే ఇస్తే? ఆదివారం పిలిచి ఉచితంగా కూర్చోబెట్టకుండా శిక్షణ గంటలకు జీతం కట్టిస్తే? ఇంగ్లాండ్‌లో నర్సరీలకు ప్రభుత్వం పెట్టిన నిబంధన ప్రకారం పిల్లలున్నంతసేపూ పన్నెండు గంటల పూర్తి పిల్లల ఫస్ట్ ఎయిడ్ కోర్సు చేసినవాళ్లు కనీసం ఒక్కరు ఆవరణలో ఉండాలి, మూడేళ్లకోసారి మళ్లీ చేయాలి. 2016 నుంచి కొత్తగా అర్హత పొందిన సిబ్బంది చేరిన మూడు నెలల్లోగా కోర్సు చేయకపోతే ఇంతమంది పిల్లలకు ఇంతమంది సిబ్బంది అనే లెక్కలో వాళ్లను చేర్చరు. 2025 సెప్టెంబరు నుంచి పిల్లలు తింటున్న గదిలోనే సర్టిఫికెట్ ఉన్న మనిషి ఉండాలి. నాకు బాగా నచ్చింది ఈ చివరిదే. కాగితం ఎవరి దగ్గరుందని కాకుండా ఆ మనిషి ఏ గదిలో ఉందని అడిగే నిబంధన అది.

మన చట్టాలు క్రెష్, అంటే పనిచేసే చోట పిల్లలను చూసుకునే గది, ఉండాలన్న దగ్గరే ఎక్కువగా ఆగాయి. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చేదాకా, 30 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో క్రెష్ ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం, 50 మందో అంతకు మించో ఉద్యోగులున్న సంస్థల్లో ఉండాలని 2017 మాతృత్వ ప్రయోజన చట్ట సవరణ చెప్పాయి. ఫ్యాక్టరీ క్రెష్ పిల్లల సంరక్షణలో శిక్షణ ఉన్న ఆడవాళ్ల చేతిలో ఉండాలని 1948 చట్టమే అంది. ఆ శిక్షణలో శ్వాస ఆగిన బిడ్డకు ఊదడం ఉండాలని ఎవరైనా పట్టుబడితే పీణ్యా గార్మెంట్ ఫ్యాక్టరీలో మిషను మీద కూర్చున్న తల్లికీ, వైట్‌ఫీల్డ్ టెక్ పార్కులో లాప్‌టాప్ ముందున్న తల్లికీ ఒకే రక్షణ దొరుకుతుంది.

చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేని చోటు ఒకటుంది. క్లబ్‌హౌస్ గదులను డేకేర్లకు అద్దెకిచ్చే అపార్ట్‌మెంట్ సంఘాలు అగ్రిమెంట్లో చెత్త, పార్కింగ్, శబ్దం గురించి పేజీలు రాయించుకుంటాయి. అందులో నాలుగు వాక్యాలు చేర్చవచ్చు: పిల్లలు తింటున్నప్పుడూ నిద్రపోతున్నప్పుడూ ఆ గదిలో పిల్లల ఫస్ట్ ఎయిడ్ చేతులతో చేసి పాసైన మనిషి ఉండాలి, ఆ పేర్లు, తేదీలు తలుపు మీద అతికించాలి, నెలవారీ సాధన రిజిస్టర్ సంఘానికి చూపించాలి, ఆయాల శిక్షణ గంటలు జీతంలో కలపాలి. అగ్రిమెంట్ పదకొండు నెలలకోసారి ఎలాగూ మార్చి రాస్తారు.